టార్పాలిన్ బాబాయి ఒప్పుకున్న నేరం

గోడౌను తలుపుకు వేసిన లక్క సీలు చూడగానే పిడుగుకి ఒళ్లు మండిపోయింది. ఆ సీలు వేసింది స్వయానా బావ.

ఆమె వృత్తి డిటెక్టివ్. బయట అందరికీ మేడం. ఇంట్లో మాత్రం పిడుగే. ఆ పేరు పెట్టింది బాబాయి. అమ్మా నాన్నా పోయాక అక్కనీ ఆమెనీ సొంత బిడ్డలకంటే ఎక్కువగా పెంచింది ఆ బాబాయే. ఇప్పుడు కేసులో ముద్దాయి కూడా ఆయనే. సీలు వేసిన ఇన్‌స్పెక్టరేమో అక్క మొగుడు. చుట్టరికాల్లో ఇంతకంటే పీటముడి ఎక్కడా పడదు.

మొన్న పొద్దున, కొత్తగా కడుతున్న బడి ప్రహరీగోడ కూలి ఒక తాపీపనివాడి కాలు విరిగింది. కూలిన గోడని గోరుతో గీకితే ఇసుకలా రాలింది. సిమెంటుకి చెమ్మ తగిలి చచ్చిపోయిందన్నారు. అక్కడ దొరికిన ఒక బస్తాని బావ సాక్ష్యంగా జీపులో వేసుకున్నాడు. బడికి సిమెంటు పంపేది బాబాయి కాపలా కాసే ఈ గోడౌనే. నిన్న బాబాయి ఎవరూ పిలవకుండానే స్టేషన్‌కి వెళ్లి, "తప్పు నాదే, రాసుకోండి" అని చెప్పి కూర్చున్నాడు.

పిడుగు నమ్మలేదు. బాబాయిని ఊరంతా టార్పాలిన్ బాబాయి అనేది ఊరికే కాదు. చలికాలం వచ్చిందంటే ఆయన కంటిమీద కునుకుండేది కాదు. లారీలో వచ్చే సరుకు మంచుకి తడవకూడదు, దింపిన సరుకు నేలని తాకకూడదు, గోడకి ఆనకూడదు. పోనీ గట్టిగా చుట్టేద్దామా అంటే అదీ కూడదు. "ఊపిరాడకుండా కప్పితే లోపలే చెమట పట్టి చస్తుందిరా" అనేవాడు. చిన్నప్పుడు ఆమెకి దుప్పటి కప్పినా ముక్కు దగ్గర జానెడు సందు వదిలేవాడు. సరుకుకైనా పిల్లకైనా గాలాడాలిట. అలాంటి మనిషి బస్తాలని తడిపాడంటే, చేప నీళ్లలో మునిగి చచ్చిందన్నట్టే ఉంది.

"వచ్చావా మరదలా! ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నా" అన్నాడు బావ జీపు దిగుతూ. మంచు ఇంకా విడవనే లేదు, మనిషి కళ్లకి మాత్రం నల్లద్దాలు.

"సీలు తియ్యండి బావా."

"తీస్తాను. చూడు, ఏడువు, వెళ్లు. సాయంత్రం అయిదింటికి ఫైలు పై అధికారి బల్లమీద ఉండాలి. రాత్రికి మామయ్య రిమాండుకి వెళ్తాడు. ఒప్పుకున్న మనిషిని నేనేం చెయ్యను?"

"సొంత మామయ్య అని కూడా లేదా?"

"ఉంది కాబట్టే ఈ తొందర. నేను వదిలేస్తే, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా పర్లేదని జనం నా మొహం మీదే అంటారు. మామయ్య పేరూ పోతుంది, నా పేరూ పోతుంది."

"అక్కేమంది?"

బావ గొంతు కొంచెం తగ్గింది. "నిన్నటి నుంచీ ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది."

పిడుగుకి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. బావ చెడ్డవాడు కాదు. తను అనుకున్నదే నిజమని పట్టుకుంటే వదలడు, అంతే. ఉడుంకి చుట్టం.

బావ సీలు తీశాడు. తనతో పాటు జీపులో తీసుకొచ్చిన బాబాయి దిగి లోపలికి వెళ్లి, తన అద్దాల గదిలో కుర్చీలో కూర్చున్నాడు. గోడౌను మూలన ఉన్న ఆ చిన్న గదే ఆయన ఆఫీసు. మెడకి మఫ్లరు. దగ్గు రొమ్ములోంచి వస్తోంది.

"ఏమైంది బాబాయీ?" అంది పిడుగు పక్కన కూలబడి.

"అవ్వాల్సిందే అయింది. ఇదిగో, ఈ గది పక్క వరసలోంచి పంపాను బడికి. పై బస్తాలు తడిశాయి. నేను చూసుకోలేదు."

"మీరు? రోజూ పొద్దున్నే ప్రతి బస్తా మీదా చెయ్యి వేసి, చంటిపిల్లకి జ్వరం చూసినట్టు చూస్తారు కదా!"

"ఆయాసంగా ఉంటోంది. పది రోజులుగా పైకెక్కడం లేదు. పక్కనుంచి తడిమి సరే అనుకున్నా." ఆయన ఆమె కళ్లలోకి చూడలేదు. "ఇంక తవ్వకు తల్లీ. నా అజాగ్రత్తకి ఒకడి కాలు పోయింది. నన్ను వెళ్లనీ."

చిన్నప్పటి నుంచీ ఆయన అబద్ధం ఆడినప్పుడల్లా మఫ్లరు సర్దుకుంటాడు. ఇప్పుడు మూడుసార్లు సర్దుకున్నాడు. పిడుగు లేచి గోడౌనులోకి వెళ్లింది.

అద్దాల గది పక్కనున్న బస్తాల వరస ఎక్కింది. నిజమే, పై బస్తాల మీద తడి మచ్చలున్నాయి. పెద్ద చినుకులు పడి ఆరినట్టు గుండ్రంగా, అక్కడక్కడా. ఒకటి ఎత్తి కింది బస్తా చూసింది, పొడిగా ఉంది. మిగతా వరసల మీద మచ్చే లేదు.

"తడి పైనుంచి పడింది బావా."

"కప్పు కారింది. అందులో డిటెక్టివ్ పనేముంది?"

"ఈ చలికాలంలో వాన ఎప్పుడు పడింది?"

పిడుగు టార్చి పైకి వేసింది. రేకుకి బొక్క లేదు. కానీ రేకు లోపలివైపు, సరిగ్గా ఈ మూలకే, సన్నటి నీటి చారలు ఎండిపోయి ఉన్నాయి. మిగతా కప్పంతా బూజుతో బూడిదగా ఉంది. ఆమె దిగి, అద్దాల గది గుమ్మం దగ్గర మోకాళ్లమీద కూర్చుంది. నేలమీద సిమెంటు దుమ్ము పల్చగా పరుచుకుని ఉంది. ఒకచోట మాత్రం పళ్లెమంత గుండ్రంగా దుమ్ము లేదు. వంగి వాసన చూసింది.

"కిరసనాయిలు."

బాబాయి దగ్గు ఉన్నట్టుండి ఆగిపోయింది.

వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఈ మనిషి ఏది దాచినా టార్పాలిన్ కిందే దాస్తాడు. వెనక గోడ దగ్గర మడతపెట్టిన టార్పాలిన్లు ఎత్తగానే హీటరు బయటపడింది. దానికి కూడా గాలాడేలా జానెడు సందు వదిలి కప్పాడు!

"హీటరు ఉంటే ఏం? వేడికి తడి ఆరుతుంది కానీ పెరుగుతుందా?" అన్నాడు బావ.

"మీ అద్దాలివ్వండి."

"ఎందుకు?"

"ఈ మంచులో మీకెందుకో చెబితే నాకెందుకో చెబుతా."

బావ చేతిలోంచి అద్దాలు లాక్కుని, హీటరు వెలిగించి, మంటకి పైన ఎత్తి పట్టుకుంది. చల్లటి నల్లద్దాల మీద క్షణంలో ఆవిరి పొర కమ్మింది.

"కిరసనాయిలు మండితే వేడితో పాటు నీటావిరి కూడా పుడుతుంది. ఇంట్లో అయితే కిటికీలోంచి పోతుంది. ఇక్కడ చలికని తలుపులన్నీ బిగించారు. ఆవిరి పైకెళ్లి మంచుకి చల్లబడ్డ రేకుని తాకి చినుకులై కింద పడింది. బాబాయి వాన బయటినుంచి వస్తుందని కాపలా కాశారు. అది లోపలే పుట్టింది."

బావ మసకబారిన అద్దాలు తుడుచుకుంటూ, "అంటే మామయ్య హీటరు పెట్టుకుని..." అన్నాడు.

"ఆయన పెట్టుకోలేదు. నేను పెట్టాను."

గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు. ఆ మాటలన్నీ ఎప్పటినుంచి వింటోందో తెలియదు.

"రాత్రుళ్లు దగ్గి దగ్గి మెలికలు తిరిగిపోతున్నారని నేనే కొన్నాను. వద్దన్నారు. సరుకున్నచోట నిప్పా అని అరిచారు. నా మీద ఒట్టు, పెట్టుకోకపోతే మాట్లాడనన్నాను." పిన్ని ఫ్లాస్కుని గుండెకి హత్తుకుంది. "అంటే ఆ అబ్బాయి కాలు విరగ్గొట్టింది నేనా?"

"చూశావా, అందుకే తవ్వొద్దన్నాను!" బాబాయి కుర్చీలోంచి లేచాడు. "గోడ కూలిన రోజు పైకెక్కి చూస్తే మచ్చలున్నాయి. అప్పుడు అర్థమైంది. ఇది దీనికి తెలిస్తే జన్మలో నవ్వదు. నేను జైల్లో ఉంటే ఏం, బయట ఉంటే ఏం? ఇది నవ్వకపోతే మాత్రం ఆ ఇంట్లో నేనుండలేను."

"మీరు లేకపోతే ఆ ఇంట్లో నేనేం ఏడుస్తాననుకున్నారు?" అంది పిన్ని. ఫ్లాస్కు బల్లమీద పెట్టి, ఆయన మఫ్లరు విప్పి మళ్లీ గట్టిగా చుట్టి, ఆ కొసతోనే కళ్లు తుడుచుకుంది.

ఆ ఇద్దరికీ పెళ్లయి నలభై ఏళ్లు దాటింది. వాళ్లు ఒకరిమీద ఒకరు అరుచుకోవడమే పిడుగు ఎక్కువగా వింది. ఆ అరుపుల అడుగున ఏముందో ఇప్పుడే కళ్లారా చూసింది.

బావ మెల్లగా, "అయినా మరదలా, నేరం పేరు మారిందే కానీ నేరం పోలేదు. తడిసిన సరుకు ఇక్కడినుంచే వెళ్లింది" అన్నాడు.

"వెళ్లిన సరుకు ఏదీ? బడి దగ్గర దొరికిన బస్తా మీ జీపులో ఉందన్నారుగా. చూపించండి."

ఇద్దరూ బయటికొచ్చారు. బస్తాని జీపు వెనకనుంచి దింపించారు. పై సగం మెత్తగా ఉంది. కింది సగం రాయి. పిడుగు కాగితం చింపి ఆ గడ్డని తిరగేసింది. గడ్డ అడుగున వేలెడు దూరంలో వరసగా నిలువు గాట్లు పడి ఉన్నాయి, అచ్చు పోసినట్టు.

ఆమె మొహం విప్పారింది.

"బావా, హీటరు నీళ్లు ఎటునుంచి పడ్డాయి?"

"పైనుంచి."

"ఈ బస్తా ఎటునుంచి తడిసింది?"

బావ గడ్డవైపూ ఆమెవైపూ చూశాడు. "కిందినుంచి."

"బాబాయి బస్తా చెక్క బల్ల మీద తప్ప పడుకోదు. బల్ల అచ్చు వెడల్పుగా, చదునుగా పడుతుంది. ఈ గాట్లు ఇనపవి. లారీ అడుగు రేకువి. గంటా రెండు గంటల ప్రయాణంలో సిమెంటు ఇలా రాయి కాదు. ఈ బస్తా మంచులో, తడి ఇనుము మీద చాలా రాత్రులు పడుంది. ఇది బాబాయి గోడౌనులో ఒక్కపూట కూడా నిద్రపోలేదు."

గోడౌను లారీ ఆవరణలోనే ఆగి ఉంది. డ్రైవరు చక్రం చాటున కూర్చుని ఉన్నాడు. నత్తలా తోలతాడని అందరూ అతనికి పెట్టిన పేరు తుఫాను. మామూలుగా నోట్లో నువ్వుగింజ నానని మనిషి. ఈ పొద్దున మాత్రం తేలుకుట్టిన దొంగలా నోరు విప్పడం లేదు.

పిడుగు అతన్ని పలకరించలేదు. లారీ ఎక్కి టార్పాలిన్ పరిచింది. ఒక మూల బాబాయి తన చేత్తో వేసిన నీలం దారం కుట్లు ఉన్నాయి. ఇంకో అంచున వరసగా చిన్న చిన్న బొక్కలు. ఒకవైపంతా పొగచూరి నల్లగా ఉంది.

"తుఫానూ, లారీ మీద టార్పాలిన్‌ని దేంతో కడతారు?"

"తాడుతో మేడం."

"మరి ఈ మేకుల బొక్కలేమిటి?"

తుఫాను చక్రం నట్టుని గోరుతో గీకుతూ కూర్చున్నాడు.

"ఈ పొగేమిటి? లారీలో వంట చేస్తావా?"

"మేడం..."

"ఏ ఇంటి కప్పు మీద కొట్టావు దీన్ని?"

తుఫాను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "మా ఇంటి మీదే. రేకు పగిలిపోయింది. లోపల పచ్చి బాలింత, పురిటి పాప. మంచు నేరుగా పాప మీద పడుతోంది. అదే రోజు ఫ్యాక్టరీ నుంచి సరుకు తెస్తున్నా. గేరుబాక్సు పోయి బండి షెడ్డులో ఆగింది. రెండు రోజులే కదా అని టార్పాలిన్ పట్టుకెళ్లి ఇంటిమీద కప్పాను. రెండు రోజులన్నది రెండు వారాలైంది."

"సరుకు షెడ్డు ముందు ఆరుబయటే ఉందా?" అన్నాడు బావ.

"ఉంది సార్. తర్వాత గోడౌనుకి తేవడానికి భయమేసింది. బాబాయిగారు చెయ్యి వేస్తే చాలు, తెలిసిపోతుంది. అందుకే నేరుగా బడికి తోలేశాను. బాబాయిగారు పంపారని అక్కడ చెప్పాను. మంచువల్ల ఫ్యాక్టరీ నుంచి సరుకు ఇంకా బయల్దేరలేదని ఇక్కడ చెప్పాను. తిట్టినా పడుండాల్సింది మేడం. నాన్నలాంటి మనిషి. టార్పాలిన్ అడిగితే ఇంకొకటి ఇచ్చి కుట్టి మరీ పంపేవారు."

పిడుగుకి కోపం రావాలి. రాలేదు. ఒకడు పాపకి చలేస్తుందని కప్పు వేశాడు. ఒకావిడ మొగుడికి చలేస్తుందని నిప్పు పెట్టింది. ఆ మొగుడు పెళ్లాం ఏడుస్తుందని నేరం నెత్తిన వేసుకున్నాడు. తుఫాను భయపడి ఆడిన అబద్ధం ఒక్కటీ లేకపోతే, ఒకడి కాలు నిలిచేది.

"బాబాయి పంపిన బస్తాలేమయ్యాయి మరి?"

"అవి ఆ తర్వాత వారం వెళ్లాయి. ఇంకా ముట్టుకోలేదు. ముందొచ్చిన సరుకు ముందు వాడాలని బాబాయిగారు అక్కడి పెద్దమేస్త్రికి నూరిపోశారు కదా! అందుకని నేను తెచ్చినవే గడ్డలు పగలగొట్టి, జల్లించి వాడారు."

బావ గట్టిగా ఊపిరి వదిలాడు. టోపీ తీసి పిడుగు ముందు కొద్దిగా తల వంచాడు. "ఓడిపోయా. సాయంత్రం మామయ్యని నేనే ఇంట్లో దింపుతా. మీ అక్క కూడా మాట్లాడుతుందేమో."

పిడుగు నవ్వబోయి ఆగింది. "తుఫానూ, నువ్వు తెచ్చింది లారీడు సరుకు. ఒక ప్రహరీగోడకి అంత పట్టదు. మిగతాది దేనికి వాడారు?"

"గోడకంటే ముందు మెట్ల స్లాబు పోశారు మేడం. దానికే ఎక్కువ పట్టింది."

"దాని కింద మోతకి పెట్టిన సెంట్రింగ్ కర్రలు?"

"కర్రలు ఇవాళే విప్పుతామన్నారు. పొద్దెక్కాక."

పొద్దు అప్పటికే ఎక్కింది. బావ ఫోను తీసి పెద్దమేస్త్రికి చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు.

"బాబాయి బస్తాలు ఎక్కడ పేర్చారు?" అంది పిడుగు.

"మంచు పడకుండా ఉంటుందని, మెట్ల కిందే."

ఆమె గోడౌనులోకి పరుగెత్తింది. అద్దాల గదిలో కుర్చీ ఖాళీ. బల్లమీద ఫ్లాస్కు ఒక్కటే ఉంది. గేటు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ మీద బావ అరిచాడు.

"ఎక్కడికి పోయారు వాళ్లు?"

"మీ అత్తగారూ మామగారే కదా అని ఆపలేదు సార్. తడిసిన బస్తాలు ఇంకెవరూ వాడకుండా వెనక్కి తెచ్చేస్తామని, ఆటో ఎక్కి బడికి వెళ్లారు."

జీపు ఎలా వెళ్లిందో ఇద్దరికీ గుర్తులేదు. దారిలో బావ హారన్ మీదనుంచి చెయ్యి తియ్యలేదు. పిడుగు మాత్రం, ఆటోకి బేరం ఆడి ఉంటారు, పిన్ని బేరం ఆడకుండా ఆటో ఎక్కదు, ఆలస్యం అయ్యే ఉంటుంది అని తనకి తానే చెప్పుకుంటూ కూర్చుంది.

బడి ఆవరణలో పనివాళ్లంతా దూరంగా నిలబడి ఉన్నారు. పెద్దమేస్త్రి చేతిలో సుత్తి, మొహంలో నెత్తురుచుక్క లేదు. మెట్ల కింది కర్రలు చాలావరకు విప్పేసి పక్కన పడేసి ఉన్నాయి. ఇంకా రెండే నిలబడి ఉన్నాయి. అందులో ఒకదాని అడుగున బిగించిన చెక్క ముక్క అప్పటికే ఊడిపోయింది. అది పక్కకి జారకుండా రెండు చేతులూ చుట్టి, భుజం ఆనించి పట్టుకుని ఉన్నాడు బాబాయి. ఆయన నడుము పట్టుకుని పిన్ని.

"బస్తాలకోసం లోపలికెళ్లారు మేడం," అన్నాడు పెద్దమేస్త్రి. "అలవాటుగా స్లాబు అడుగున చెయ్యి వేసి చూశారు. ఆపండ్రా అని కేక వేశారు. మేం అప్పటికే చెక్క కొట్టేశాం."

"పిడుగూ, అక్కడే ఆగు!" బాబాయి గొంతు బొంగురుగా వచ్చింది. "ముందు మీ పిన్నిని తీసుకుపో. చెబితే వినడం లేదు."

"వినను" అంది పిన్ని. "నలభై ఏళ్లనుంచి వినలేదు, ఇప్పుడు వింటానా?"

స్లాబు అడుగునుంచి బూడిద రంగు పొడి సన్నగా రాలుతోంది. బాబాయి నెత్తి మీదా, మఫ్లరు మీదా పడుతోంది. ఆయనకి దగ్గొస్తోంది. దగ్గితే భుజం కదులుతుందని పళ్లు బిగించి ఆపుకుంటున్నాడు. ఆ సంగతి పిడుగుకి ఇంత దూరం నుంచే తెలిసిపోయింది. ఆమె కాలు ముందుకి పడింది. అంతలో ఎవరో భుజం పట్టుకుని వెనక్కి లాగారు.

"నువ్వు ఒప్పించు అత్తయ్యని. కర్ర నేను పట్టుకుంటా" అన్నాడు బావ. నల్లద్దాలు తీసి ఆమె చేతిలో పెట్టి, తల వంచుకుని మెట్ల కిందికి దూరాడు. "దుంగలు తెండిరా, నిలబడతారేం!" అని పనివాళ్ల మీద అరిచి, బాబాయి చేతుల పైన తన చేతులు వేసి కర్రని కౌగిలించుకున్నాడు.

"నువ్వెందుకొచ్చావు అల్లుడూ? అయిదింటికి ఫైలు పంపాలన్నావుగా" అన్నాడు బాబాయి.

"అది తడిసిపోయింది మామయ్యా. మీరు ముందు దగ్గండి. నేను పట్టుకున్నాను."

బాబాయి దగ్గాడు. ఎన్నో రోజులుగా లోపల దాచుకున్నదంతా బయటికొచ్చేలా దగ్గాడు. కర్ర కదల్లేదు. పిన్ని ఏడుస్తూనే నవ్వింది. పిడుగు ఆమె చెయ్యి అందుకోబోయింది.

అప్పుడు పైన, సరిగ్గా మూడో మెట్టు దగ్గర, చిటుక్కుమని చప్పుడైంది.